ఓడిన పిల్లల కోసం నిబంధనలు

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఆ వారం రోజుల్లో పిల్లలకు వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్ పోటీలు పెట్టని శాఖా గ్రంథాలయం మన రెండు రాష్ట్రాల్లోనూ అరుదు. దానికి ముందు ఆగస్టు 15 ఉంది, 29న తెలుగు భాషా దినోత్సవం ఉంది. తరవాత జనవరి 25న ఓటర్ల దినోత్సవం, ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవం. ఏ దినోత్సవం వచ్చినా విద్యార్థులకు పోటీలు పెట్టమని పైనుంచి ఒక కాగితం వస్తుంది. ఎలా పెట్టాలో మాత్రం ఆ కాగితంలో సాధారణంగా ఉండదు.

కాబట్టి ఎవరికి తోచినట్టు వాళ్లు పెడతారు. ఆ పూట క్లాసు లేని ఇద్దరు మాస్టార్లను పిలిచి "కాస్త జడ్జీలుగా కూర్చోండి" అంటారు. వాళ్లు ఒక తెల్లకాగితం మీద పేర్లు రాసుకుని, పేరు పక్కన పదికో ఇరవైకో మార్కులు వేసుకుంటారు. సాయంత్రం బహుమతులు. గెలిచిన పిల్ల స్టీలు గిన్నె పట్టుకుని ఫొటో దిగుతుంది. ఓడిన పిల్లవాడు ఇంటికెళ్లి "నాకెందుకు రాలేదు?" అని అడుగుతాడు. "ఆ అమ్మాయి వాళ్ల పిన్ని అదే బళ్లో టీచరు కదరా" అంటారు ఇంట్లోవాళ్లు. అది నిజమో అబద్ధమో ఎవరికీ తెలీదు. అబద్ధమని చూపించడానికి నిర్వాహకుల దగ్గర ఒక్క కాగితం ముక్క ఉండదు.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ లేని కాగితం గురించి. గెలిచినవాళ్లకి నిబంధనలతో పని లేదు, బహుమతి చేతిలో ఉంది. ఓడినవాళ్లకే అవి కావాలి. ఎక్కడ తగ్గానో తెలుసుకోవడానికి కావాలి. తగ్గింది తన మాటేగానీ తన ఊరో, కులమో, బడి పేరో కాదని నమ్మడానికి కావాలి. పిల్లల పోటీకి ఏ నిబంధన రాసినా ఓడిన పిల్లవాడు పక్కన నిలబడి చదువుతున్నాడనుకుని రాయాలి.

ముందు వక్తృత్వం సంగతి చూద్దాం.

మన దగ్గర వక్తృత్వమంటే చాలాసార్లు అప్పజెప్పడమే. మాస్టారు రాసిచ్చిన రెండు పేజీలు బట్టీ పట్టి వస్తారు. గౌరవనీయులైన న్యాయనిర్ణేతలకు అంటూ మొదలుపెట్టి ఒక్క గుక్కలో నాలుగు నిమిషాలు లాగేస్తారు. మధ్యలో ఒక్క మాట జారిందా, ఇక అంతే. కళ్లు పైకప్పు వైపు వెళ్తాయి, చేతులు చొక్కా అంచు నలుపుతుంటాయి. ముందు వరసలో కూర్చున్న మాస్టారు పెదవులు కదుపుతూ మాట అందిస్తుంటారు. ఈ పోటీ నిజానికి ఇద్దరు మాస్టార్ల మధ్య జరుగుతోంది. పిల్లలు మోసుకొచ్చారంతే.

దీనికి మందు సులభమే. ప్రసంగం అయిపోయాక న్యాయనిర్ణేత ఒక్క ప్రశ్న అడగాలి. పిల్లవాడు నిమిషంలో జవాబు చెప్పాలి. ఆ జవాబుకు నూటికి పాతిక మార్కులు పెట్టాలి. ఒక మండల స్థాయి పోటీలో ఇది ఎంత పనిచేస్తుందో చూశాను. ఎనిమిదో తరగతి అమ్మాయి నీటి పొదుపు మీద మాట్లాడింది. జలమే జీవనాధారమనీ, భావితరాల కోసమనీ, అచ్చం పాఠ్యపుస్తకంలా. అయ్యాక ఒక న్యాయనిర్ణేత "మీ ఇంట్లో నీళ్లు ఎవరు పడతారమ్మా?" అని అడిగారు. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగింది. తరవాత చెప్పడం మొదలుపెట్టింది. పంపు రోజు విడిచి రోజు వస్తుందట, తెల్లవారకముందే బిందెలు వరసలో పెట్టి రావాలట, తన బిందెను ఎవరైనా వెనక్కి జరిపితే అక్క ఎలా దెబ్బలాడుతుందో కూడా చెప్పింది. మొత్తం తన ఊరి యాసలో చెప్పింది. హాల్లో అందరూ తలెత్తి విన్నారు. అంతవరకూ అందరూ వాచీలు చూసుకుంటున్నవాళ్లే.

తీరా చూస్తే, ఇంకో న్యాయనిర్ణేత ఆ జవాబుకు మార్కులు తగ్గించారు. కారణం యాస. కాబట్టి రెండో నిబంధన ఇక్కడే రాసుకోవాలి: శ్రీకాకుళం పిల్ల శ్రీకాకుళంలా మాట్లాడితే, కరీంనగర్ పిల్లవాడు కరీంనగర్‌లా మాట్లాడితే, కడప పిల్ల కడపలా మాట్లాడితే మార్కులు తగ్గించకూడదు. మాట స్పష్టంగా ఉందా లేదా అన్నదొక్కటే చూడాలి. ఇది నోటిమాటగా చెప్తే చాలదు, న్యాయనిర్ణేతల చేతికిచ్చే కాగితం మీద అచ్చులో ఉండాలి. వేదికనెక్కితే గ్రాంథికంలోకో టీవీ భాషలోకో మారిపోవాలని మన పిల్లలకు ఎవరో నేర్పారు. ఆ ఎవరో మనమే.

ఇక గంట. అయిదు నిమిషాల ప్రసంగమైతే నాలుగో నిమిషంలో ఒక గంట, అయిదో నిమిషంలో రెండో గంట, ఆపైన అర నిమిషం వెసులుబాటు. అదీ దాటితే ఎన్ని సెకన్లకు ఎన్ని మార్కులు పోతాయో ముందే రాసి ఉండాలి. సమయం చూసే మనిషి న్యాయనిర్ణేత కాకూడదు. మార్కులు వేస్తూ గడియారం చూస్తే రెండూ చెడతాయి. ఎవరు ఎంతసేపు మాట్లాడారో నిమిషాలు, సెకన్లతో సహా రాసి సంతకం పెట్టాలి. కొన్నిచోట్ల సమయం అయ్యాక పిల్లవాడు ఆగేదాకా గంట మీద గంట కొడుతూనే ఉంటారు. ఘంటాగణనం అష్టావధానంలో ఒక అంశం గానీ వక్తృత్వంలో కాదు. వెసులుబాటు అయిపోగానే అధ్యక్షస్థానంలో ఉన్నవాళ్లు "ధన్యవాదాలు, కూర్చోమ్మా" అంటే చాలు.

సమయం కొలిచి ఇవ్వడం పిల్లలకే పెట్టిన శిక్ష అనుకునేరు. 1858లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో అబ్రహాం లింకన్, స్టీఫెన్ డగ్లస్ ఏడు ఊళ్లలో తలపడ్డారు. మొదట మాట్లాడేవారికి 60 నిమిషాలు, ఎదుటివారికి 90 నిమిషాలు, మళ్లీ మొదటివారికి 30 నిమిషాలు. లెక్కేస్తే ఇద్దరికీ సరిగ్గా గంటన్నర చొప్పున. మొదటి అవకాశం ఎవరిదన్నది కూడా ఊరు మారినప్పుడల్లా మారేది. సెనేట్ సీటు కోసం పోరాడుతున్న ఉద్దండులే గడియారానికి తల వంచారు.

ఇప్పుడు అసలు గొడవకు వద్దాం, మార్కులకు.

నూటికి ఇలా వెయ్యొచ్చు: విషయానికి 35, దాన్ని అమర్చిన తీరుకు 15, భాషలో స్పష్టతకు 15, చెప్పే తీరుకు 10, ప్రశ్నకు జవాబుకు 25. అంకెలు మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోండి. చెప్పే తీరుకు మాత్రం ఎక్కువ ఇవ్వకండి. ఇచ్చారంటే చేతులు ఊపేవాళ్లు, గొంతు చించుకునేవాళ్లు గెలుస్తారు.

న్యాయనిర్ణేతలు ముగ్గురుండాలి. ఇద్దరుంటే చెరోవైపు లాగినప్పుడు తేల్చేవాళ్లుండరు. ముగ్గురూ పోటీకొచ్చిన బళ్లవాళ్లు కాకూడదు. బడి తెలియకుండా పిల్లలకు నంబర్లిస్తారు గానీ యూనిఫాం చూస్తే తెలిసిపోతుంది. రంగు బట్టల్లో రమ్మంటే మంచి బట్టలు లేని పిల్లలు రావడం మానేస్తారు. నేనైతే యూనిఫాం ఉండనిస్తాను, న్యాయనిర్ణేతల్నే పక్క మండలం నుంచి పిలుస్తాను. తెలిసిన పిల్లలో చుట్టాల పిల్లలో వేదికనెక్కితే ఆ న్యాయనిర్ణేత ముందే చెప్పి ఆ ఒక్కరికీ మార్కులు వేయకుండా ఉండాలి. మిగతా ఇద్దరి సగటు తీసుకుంటే సరిపోతుంది.

ఇంత చేసినా ఒక చిక్కు మిగులుతుంది. చాలామందికి అది చిక్కని కూడా తెలీదు. శ్రోతలు వీలుంటే ఒక కాగితం మీద రాసుకోండి. ఇద్దరు పిల్లలనుకుందాం, పద్మ, రహీం. మొదటి న్యాయనిర్ణేత పద్మకు 76, రహీంకు 72 వేశారు. రెండో ఆయన పద్మకు 75, రహీంకు 70. ఇద్దరి దృష్టిలోనూ పద్మే మెరుగు. మూడో ఆయన చేయి ధారాళం, కోపమూ ధారాళమే. రహీంకు 90 వేసి పద్మకు 55 వేశారు. కూడండి. రహీంకు 232, పద్మకు 206. ముగ్గురిలో ఇద్దరు పద్మ బాగా మాట్లాడిందన్నారు, బహుమతి మాత్రం రహీంది. ఇందులో మోసం లేదు, ఎవరూ అబద్ధమాడలేదు. కూడిక ముగ్గురి మాటనూ సమానంగా వినలేదు. ఎవరు ఎక్కువ తేడాతో మార్కులు వేస్తారో వాళ్ల మాటే చెల్లింది.

అందుకని మార్కుల్ని నేరుగా కూడకూడదు. ప్రతి న్యాయనిర్ణేతా వేసిన మార్కుల్ని బట్టి ఒకటి, రెండు, మూడు అని స్థానాలు రాసుకోవాలి. ఆ స్థానాల్ని కూడాలి. తక్కువ వచ్చినవాళ్లు గెలిచినట్టు. ఇక్కడ పద్మకు ఒకటి, ఒకటి, రెండు కలిపి నాలుగు. రహీంకు రెండు, రెండు, ఒకటి కలిపి అయిదు. పద్మ గెలిచింది. స్థానాలు సమానమైతే అప్పుడు మార్కుల మొత్తం చూడొచ్చు. ఈ పద్ధతికీ లోపాలున్నాయి. చాలామంది పాల్గొంటే ఒక్క న్యాయనిర్ణేత ఒక పిల్లను పన్నెండో స్థానంలో పడేసినా ఆ పిల్ల పని అయిపోతుంది. కానీ నేరుగా కూడటం కంటే ఇది చాలా నయం. ఏది ఎంచుకున్నా పోటీకి ముందు ఎంచుకోవాలి. ఫలితం చూశాక పద్ధతి మార్చడమంత పాపం ఇంకోటి లేదు.

ఇంకో చిన్న సంగతి. మొదట మాట్లాడే పిల్లకు ఎప్పుడూ అన్యాయమే జరుగుతుంది. వెనక ఇంకా మంచివాళ్లు వస్తారేమోనని న్యాయనిర్ణేతలు మార్కులు బిగపట్టి వేస్తారు. మొదటి ముగ్గురికీ పెన్సిల్‌తో వేసి, నాలుగో మనిషి అయ్యాక మళ్లీ చూసి పెన్నుతో ఖాయం చేయమని చెప్పండి. వరస కూడా పేర్ల అక్షరక్రమంలో వద్దు, అందరి ముందూ చీటీలు తీయాలి.

ఇక వాదం, అదే డిబేట్.

బళ్లలో డిబేట్ పేరుతో జరిగేది చూస్తే నవ్వొస్తుంది. సెల్‌ఫోన్ వరమా, శాపమా? ఒకరు వచ్చి వరమని అయిదు నిమిషాలు చెప్పి వెళ్తారు. ఇంకొకరు వచ్చి శాపమని అయిదు నిమిషాలు చెప్పి వెళ్తారు. ముందు వచ్చినవాళ్లు ఏమన్నారో తరవాత వచ్చినవాళ్లకు అక్కర్లేదు. ఒకే వేదిక మీద రెండు వక్తృత్వ పోటీలు జరిగి, అనుకూలంలో ఒకరికి, ప్రతికూలంలో ఒకరికి బహుమతిచ్చి పంపేస్తారు. ఎదుటివాడి మాటకు జవాబు చెప్పకపోతే దాన్ని వాదమని ఎలా అంటాం?

ఈ విషయంలో మనకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. గౌతముడి న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలుగా విడదీశాయి. నిజం తేల్చుకోవడానికి జరిగేది వాదం. ఎలాగైనా గెలవడానికి చేసేది జల్పం. తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాణ్ణి పడగొట్టడానికే చేసేది వితండ. అక్కడితో ఆగకుండా, ఏమేం చేస్తే చర్చలో ఓడిపోయినట్టో 22 నిగ్రహస్థానాలు లెక్కపెట్టి ఇచ్చారు. పేర్లు చూసి జడుసుకోకండి, లోపలున్న సరుకు మన పిల్లలు రోజూ చేసేదే.

ఇంటిపని అసలు ఉండకూడదని మొదలుపెట్టిన పిల్లవాడు, ఎదుటి జట్టు నిలదీసేసరికి "చిన్న తరగతులకు మాత్రమే అంటున్నాను" అని కొత్త షరతు తగిలిస్తాడు. అది ప్రతిజ్ఞాంతరం. చెప్పిందే మళ్లీ చెప్తే పునరుక్తం. మూడుసార్లు చెప్పినా సభకూ ఎదుటివాడికీ అర్థం కాకుండా మాట్లాడితే అవిజ్ఞాతార్థం. గంభీరమైన సంస్కృత పదాలు కుమ్మరిస్తే మార్కులొస్తాయనుకునే పిల్లలకు ఇది చెప్పాలి. ఎదుటివాడి వాదాన్ని తన నోటితో తిరిగి చెప్పలేకపోతే అననుభాషణం. "మీ పద్ధతిలో మాత్రం ఆ లోపం లేదా?" అని ఎదురడిగితే మతానుజ్ఞ. అలా అడగడమంటే తన పద్ధతిలో లోపం ఉందని ఒప్పుకోవడమే కదా. పనుందని చర్చ మధ్యలో తప్పుకుంటే విక్షేపం.

నాకు అన్నిటికంటే నచ్చినవి ఇంకో రెండు. ఎదుటివాడు తప్పు చేసినా పట్టుకోకుండా వదిలేస్తే, ఓటమి పట్టుకోనివాడిది. తప్పు లేనిచోట తప్పు పడితే, అదీ పట్టినవాడి ఓటమే. డిబేట్ న్యాయనిర్ణేతకు ఇంతకంటే మంచి పట్టిక ఎవరైనా ఇవ్వగలరా? ఇరవై రెండూ అక్కర్లేదు, ఈ ఎనిమిదీ తేలిక తెలుగులో రాసి న్యాయనిర్ణేతలకూ పిల్లలకూ ముందే ఇస్తే మన డిబేట్లు ఏడాదిలో మారిపోతాయి.

నడిపే పద్ధతికి ప్రపంచ పాఠశాలల డిబేటింగ్ పోటీల్ని చూడొచ్చు. అవి 1988లో ఆస్ట్రేలియాలో మొదలయ్యాయి. జట్టుకు ముగ్గురు మాట్లాడతారు, ఒక్కొక్కరికి 8 నిమిషాలు. ఆ తరవాత ప్రతి జట్టు నుంచీ మొదటివారో రెండోవారో వచ్చి 4 నిమిషాల్లో మొత్తం చర్చను మళ్లీ తూచాలి. ఈ చివరి ప్రసంగంలో కొత్త వాదన తీసుకురాకూడదు, ప్రతికూల జట్టు ముందు మాట్లాడాలి. ఎదుటి జట్టువాళ్లు లేచి చిన్న ప్రశ్న అడగొచ్చు గానీ మొదటి నిమిషంలోనూ ఆఖరి నిమిషంలోనూ అడగకూడదు. మాట్లాడేవారు ప్రశ్న తీసుకోవచ్చు, వద్దనొచ్చు. మార్కులు విషయానికి 40, శైలికి 40, వ్యూహానికి 20. మన బళ్లకు 8 నిమిషాలు ఎక్కువ, నాలుగు చాలు, చివరి ప్రసంగానికి రెండు. నేనైతే శైలికిచ్చిన 40లో సగం కోసి, ఎదుటివారికి జవాబు చెప్పినందుకు ఇస్తాను.

ఎవరు ఏ పక్షమో టాస్ వేసి తేల్చాలి. తాను నమ్మని పక్షం తరఫున నిజాయితీగా వాదించడం నేర్చుకోవడమే డిబేట్‌లో సగం చదువు. కాకపోతే సభకు ఆ సంగతి తెలియాలి. 1933 ఫిబ్రవరి 9న ఆక్స్‌ఫర్డ్ యూనియన్‌లో విద్యార్థులు ఒక తీర్మానం మీద చర్చించారు. ఏ పరిస్థితిలోనూ రాజు కోసం, దేశం కోసం యుద్ధం చేయబోమన్నది ఆ తీర్మానం. 275 ఓట్లు అనుకూలం, 153 వ్యతిరేకం. ఒక విద్యార్థి సంఘం ఒక రాత్రి వేసిన ఓటు అది. ఇంగ్లండ్ యువతరం మొత్తం పిరికిదైపోయిందని పత్రికలు గగ్గోలు పెట్టాయి. మన ఊళ్లో అంత గగ్గోలు లేకపోవచ్చు గానీ ఒక పిల్ల వరకట్నం మీదో మద్యం మీదో టాస్‌లో వచ్చిన పక్షం తీసుకుని మాట్లాడితే, ఆ పూటే వీధిలో నిలదీసేవాళ్లుంటారు. అందుకని పోటీ మొదట్లోనే అధ్యక్షులు మైకులో చెప్పాలి: ఈ పిల్లలు చెప్పేవి టాస్‌లో వచ్చిన పక్షాలు, వాళ్ల సొంత అభిప్రాయాలు కావు.

తీర్మానం ఎంచుకోవడం ఒక కళ. వరమా శాపమా అని అడిగితే "రెండూ" అనే జవాబొస్తుంది, అందుకే అలాంటివి పనికిరావు. ఎనిమిదో తరగతి దాకా ఇంటిపని రద్దు చేయాలి, మన ఊరి సంత ఆదివారం నుంచి మార్చాలి, గ్రంథాలయం పుస్తకం ఆలస్యంగా తిరిగిస్తే జరిమానా ఉండాలి. ఇలా ఏదో ఒకటి చేయాలా వద్దా అని ఉండాలి. నిర్వాహకులు ముందుగా ఒక్కో పక్షానికి మూడేసి వాదనలు తామే రాసి చూసుకోవాలి. ఒక పక్షానికి మూడు దొరకలేదంటే ఆ తీర్మానం చింపేయాలి. కులం, మతం, పార్టీల జోలికి పోకపోవడం మంచిది. భయపడి కాదు, అక్కడ ఇంట్లో విన్నది అప్పజెప్పడం తప్ప పిల్లలకు ఆలోచించే చోటు మిగలదు.

ఎదుటి జట్టుతో నేరుగా దెబ్బలాడకుండా అధ్యక్షుల్ని ఉద్దేశించి మాట్లాడటం కూడా ఒక నిబంధనే. కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల శాఖ 1966లో ఢిల్లీ బళ్లలో మొదలుపెట్టిన యువ పార్లమెంటు పోటీల్లో పిల్లలకు ముందు అలవాటయ్యేది ఇదే. "నువ్వు" అనే చోట "అధ్యక్షా" అనాల్సి వచ్చేసరికి కోపం సగం చల్లారుతుంది. మన శాసనసభల్లో కూడా చల్లారితే బాగుండును, అది వేరే ప్రసంగం.

ఇప్పుడు క్విజ్. దీనికి రేడియోతో పాత చుట్టరికం ఉంది. 1953లో అమెరికాలో కాలేజీ జట్ల మధ్య క్విజ్ ముందు రేడియోలోనే వచ్చింది. మన దేశంలో 1967లో కలకత్తాలో నీల్ ఓబ్రయన్ ఒక చర్చి హాల్లో క్విజ్ పోటీ నడిపి దారి వేశారు. 1972లో మొదలైన బోర్న్‌విటా క్విజ్ కాంటెస్ట్‌ను రేడియోలో హమీద్ సయానీ, ఆయన తరవాత తమ్ముడు అమీన్ సయానీ నడిపారు. అదే 1972లో హైదరాబాద్‌లో కె సర్కిల్ అనే క్విజ్ సంఘం మొదలైంది. దేశంలో క్విజ్ సంఘాల్లో అది మొదటి తరానిది.

క్విజ్‌లో జడ్జీ ఇష్టాయిష్టాలుండవు కాబట్టి అన్యాయం జరగదనుకుంటాం. కూర్చున్న కుర్చీ వల్ల కూడా జరుగుతుంది. ఆరు జట్లు వరసగా కూర్చున్నాయి. మొదటి ప్రశ్న మొదటి జట్టుకు, రెండోది రెండో జట్టుకు, అలా. జవాబు రాకపోతే పక్క జట్టుకు పాస్. మూడో జట్టు బలహీనమైందనుకోండి, దాని ప్రశ్నలన్నీ ముందుగా నాలుగో జట్టు ఒళ్లో పడతాయి. నాలుగో జట్టు గట్టిదైతే దాని పక్కనున్న అయిదో జట్టుకు పాస్ అయ్యేది ఏమీ ఉండదు. ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నదే గెలుపు తేల్చేస్తుంది.

దీనికి క్విజ్ సంఘాలు ఒక విరుగుడు కనిపెట్టాయి. ప్రశ్నకు ఎవరు జవాబు చెప్పారో వాళ్ల పక్క జట్టుతో తరవాతి ప్రశ్న మొదలవుతుంది. నేరుగా వచ్చినా పాస్‌లో వచ్చినా మార్కులు ఒకటే. దాన్ని ఇన్ఫినిట్ బౌన్స్ అంటారు. సగం పోటీ అయ్యాక దిశ తిప్పుతారు, అంటే కుడి నుంచి ఎడమకు వెళ్లేది ఎడమ నుంచి కుడికి వస్తుంది. ఎవరూ చెప్పలేకపోతే తరవాతి ప్రశ్న ఎవరితో మొదలుపెట్టాలో కూడా ముందే రాసుకోవాలి. పౌన్స్ అని ఇంకోటుంది. తమ వంతు రాకముందే జవాబు చీటీ మీద రాసిచ్చేయొచ్చు, ఒప్పైతే మార్కులు, తప్పైతే కోత. కాలేజీవాళ్లకు బాగుంటుంది. బడి పిల్లలకు వద్దంటాను. మార్కులు పోతాయన్న భయంతో తెలిసిన జవాబు కూడా మింగేస్తారు.

వేదిక మీదకు ఆరు జట్లకు మించి వద్దు. దానికి ముందు అందరికీ పాతిక ప్రశ్నల రాత పరీక్ష పెట్టాలి. అందులో అయిదు ప్రశ్నలకు నక్షత్రం గుర్తు పెట్టండి. మార్కులు సమానమైతే నక్షత్రం ప్రశ్నలు ఎవరు ఎక్కువ చేశారో వాళ్లు పైకొస్తారు. ఈ ఒక్క ఏర్పాటుతో సగం తగువులు తీరిపోతాయి.

మిగతా సగం తగువులు ప్రశ్నల వల్ల వస్తాయి. "మన రాష్ట్రం ఎప్పుడు ఏర్పడింది?" అని అడిగారనుకోండి. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న వచ్చింది, ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న, తెలంగాణ 2014 జూన్ 2న. "మన మొదటి ముఖ్యమంత్రి ఎవరు?" అంటే టంగుటూరి ప్రకాశం అన్నా తప్పు కాదు, నీలం సంజీవరెడ్డి అన్నా తప్పు కాదు, హైదరాబాద్ రాష్ట్రంలో ఎన్నికై వచ్చిన బూర్గుల రామకృష్ణారావు అన్నా కొట్టిపారేయలేం, కె. చంద్రశేఖరరావు అన్నా కుదురుతుంది. పిల్లలు నాలుగు జవాబులూ చెప్తే క్విజ్ మాస్టర్ తన చేతిలో ఉన్న ఒక్కదాన్నే ఒప్పంటాడు. తప్పు పిల్లలది కాదు, అడిగినవాడిది.

పాత జనరల్ నాలెడ్జ్ పుస్తకాలతో ఇంకో ప్రమాదముంది. తొలి పూర్తి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద ఎప్పుడు విడుదలైందంటే ఆ పుస్తకాల్లో 1931 సెప్టెంబరు 15 అని ఉంటుంది. పాత్రికేయులు రెంటాల జయదేవ పరిశోధించి అది 1932 ఫిబ్రవరి 6 అని ఆధారాలతో తేల్చారు. పత్రిక చదివే పిల్ల 1932 అంటుంది, పాత పుస్తకం పట్టుకున్న క్విజ్ మాస్టర్ తప్పంటాడు. ఎక్కువ తెలిసినందుకు ఆ పిల్ల ఓడిపోతుంది. గ్రహాలు తొమ్మిదని రాసిన పుస్తకాలు ఇంకా తిరుగుతున్నాయి, ప్లూటోను 2006లోనే ఆ జాబితా నుంచి తీసేశారు. ప్రతి ప్రశ్ననూ రెండు వేర్వేరు చోట్ల సరిచూసుకోవాలి, ఎక్కడ చూశారో ప్రశ్న కింద రాసుకోవాలి. మారిపోయే అంకెలుంటే ఏ సంవత్సరం నాటివో ప్రశ్నలోనే చెప్పాలి. మొదటిది, పెద్దది, పొడవైనది అనే ప్రశ్నలు ఎంత తక్కువైతే అంత మంచిది.

ఇంత చేసినా అభ్యంతరాలొస్తాయి. క్విజ్ మాస్టర్ మాటే తుది నిర్ణయమని ప్రకటించి నోరు మూయించడం మనకు అలవాటు. తుది మాట ఒకరిది కావాల్సిందే గానీ అది ప్రశ్నలు రాసినవారిది కాకుండా ఉంటే మేలు. ప్రశ్నలతో సంబంధం లేని ఒక పెద్దమనిషిని పక్కన కూర్చోబెట్టి, ఆయన ముందు రెండు మూడు మంచి సంప్రదింపు గ్రంథాలు పెట్టండి. తరవాతి ప్రశ్న చదవకముందే అభ్యంతరం చెప్పాలి, జట్టు తరఫున ఒక్కరే చెప్పాలి. తల్లిదండ్రులు, మాస్టార్లు లేవకూడదు. ప్రేక్షకుల్లోంచి ఎవరైనా జవాబు అందిస్తే ఆ ప్రశ్న రద్దు చేసి, విడిగా దాచుకున్న ప్రశ్నల్లోంచి ఇంకోటి అడగాలి. ప్రశ్నే తప్పని తేలితే దాన్నీ అలాగే రద్దు చేయాలి, అందరి ముందూ ఒప్పుకుని. ఒప్పుకుంటే పరువేమీ పోదు.

మిగతావి క్లుప్తంగా చెప్తాను. ఆరు, ఏడు తరగతుల పిల్లల్ని పదో తరగతివాళ్లతో కలపకండి. తెలుగు, ఇంగ్లీషు ప్రసంగాలను ఒకే పోటీలో తూచకండి. నత్తి ఉన్న పిల్లలకు అదనపు సమయం ఇస్తామని నోటీసులోనే రాయండి, వాళ్లు వచ్చి అడుక్కునేదాకా ఆగకండి. న్యాయనిర్ణేతల ఫోన్లు కూడా పిల్లల ఫోన్లతో పాటు ఒక పెట్టెలో పెట్టించండి. ముఖ్య అతిథి రాలేదని పోటీ ఆపొద్దు. తొమ్మిదింటికి వచ్చిన పిల్లలు పదకొండున్నరకు ఎండిన గొంతుతో వేదికనెక్కడం ఎన్నిచోట్ల చూశామో లెక్కలేదు. అతిథిగారు వచ్చాక ఆయన ప్రసంగానికి కూడా అదే గంట కొట్టండి. పిల్లలు ఎంత సంతోషిస్తారో చూద్దురుగాని. బహుమతిగా స్టీలు గిన్నెల బదులు పుస్తకాలివ్వండి, పోటీ గ్రంథాలయంలో జరిగినప్పుడైనా.

శాఖా గ్రంథాలయాల అధికారులకు, హెడ్మాస్టర్లకు, యువజన సంఘాలవాళ్లకు నా విన్నపం ఒకటి. ఈసారి పోటీ పెట్టేటప్పుడు నిబంధనలు ఒక్క పేజీలో రాసి, వారం ముందు నోటీసు బోర్డు మీద అంటించండి. మార్కుల విభజన, గంట కొట్టే సమయాలు, సమానమైతే ఏం చేస్తారన్నది, అభ్యంతరం ఎవరికి చెప్పాలన్నది, ఇవన్నీ అందులో ఉండాలి. పోటీ అయ్యాక ముగ్గురు న్యాయనిర్ణేతల మార్కుల కాగితాలు వాళ్ల సంతకాలతో సహా ఫలితాల పక్కనే పెట్టండి. ఓడిన పిల్లలెవరైనా వచ్చి చూపించమంటే కూర్చోబెట్టి చూపించండి.